చవక డ్రోన్లు, చవక క్షిపణులు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధ వార్తల్లో డ్రోన్ అనే మాట వినపడని రోజు ఉండటం లేదు. దాంతోపాటే ఒక లెక్క కూడా వినిపిస్తుంటుంది. ఇన్ని వేల డాలర్ల డ్రోన్, ఇన్ని లక్షల డాలర్ల క్షిపణిని తినేసిందని. ఆ లెక్క సగమే నిజం. మిగతా సగం ఎక్కడుందో చెప్పడానికే ఇక్కడ ఎక్కువ చోటు తీసుకున్నాను. కొన్ని ప్రశ్నలకి రెండు ముక్కల జవాబు చాలు, అక్కడ అంతే ఇచ్చాను.

చవక అంటే అసలు ఎంత?

ఎవరి జేబుతో పోలుస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధంలో రెండు వైపులా సైనికులు కెమెరా దృశ్యం చూస్తూ నడిపే చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్ 400–500 డాలర్లకి తయారవుతోంది. ఓ మంచి స్మార్ట్‌ఫోన్ కన్నా తక్కువ. వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్లగల, ఇరాన్ రూపొందించిన షాహెద్ తరహా డ్రోన్‌కి 20 వేల నుంచి 50 వేల డాలర్ల దాకా అంచనాలు వేస్తారు. అదే విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్లే అమెరికా టోమహాక్ క్రూయిజ్ క్షిపణి అయితే ఒక్కోటీ దాదాపు 20 లక్షల డాలర్లు. వచ్చే క్షిపణులని గాల్లోనే కూల్చే పేట్రియాట్ వ్యవస్థలో వాడే పీఏసీ-3 ఎంఎస్‌ఈ క్షిపణి 40 లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికా రీపర్ లాంటి పెద్ద డ్రోన్ మూడు కోట్ల డాలర్ల సరుకు.

తయారీ ఖర్చు వేరు, అమ్మిన ధర వేరు. షాహెద్‌ల కోసం రష్యా మొదట్లో ఇరాన్‌కి కట్టిన ధర, బయటికి పొక్కిన పత్రాల ప్రకారం, పై అంచనాల కన్నా చాలా ఎక్కువ. టాటర్‌స్థాన్‌లోని అలబుగాలో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నాకే ఆ ఖర్చు కిందికి దిగింది. కాబట్టి ఎక్కడైనా ఒకే ఒక్క అంకె కనపడితే అది ఏ ధరో చూసుకోవాలి.

డ్రోన్‌కీ క్షిపణికీ తేడా ఏమిటి?

ఒకప్పుడు దీనికి జవాబు తేలిక. తిరిగి వచ్చేది డ్రోన్, రానిది క్షిపణి. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. వెళ్లి లక్ష్యాన్ని ఢీకొని పేలిపోయే డ్రోన్లని మన వార్తల్లో ఆత్మాహుతి డ్రోన్లు అంటున్నారు. పనిని బట్టి చూస్తే అవి నెమ్మదిగా ఎగిరే క్రూయిజ్ క్షిపణులే. వాడుకలో మిగిలిన తేడా వేగం. ప్రొపెల్లర్ తిరిగితే డ్రోన్ అంటున్నాం, జెట్ ఇంజినో రాకెట్టో ఉంటే క్షిపణి అంటున్నాం. షాహెద్‌కి జెట్ ఇంజిన్ పెట్టిన రకం కూడా వచ్చాక ఆ వాడుక కూడా నిలవడం లేదు.

షాహెద్‌లో అంత గొప్ప ఏముంది?

గొప్ప ఏమీ లేదు. అందుకే అది పనికొచ్చింది.

షాహెద్-136 త్రికోణాకారపు రెక్క. పొడవు మూడున్నర మీటర్లు, రెక్కల వెడల్పు రెండున్నర మీటర్లు, మొత్తం బరువు 200 కిలోలు. వెనక చిన్న ప్రొపెల్లర్, దాన్ని తిప్పేది 50 హార్స్ పవర్ టూ-స్ట్రోక్ ఇంజిన్. ఆ ఇంజిన్ కూడా లింబాక్ అనే జర్మన్ కంపెనీ పాత డిజైన్‌కి నకలు. ముక్కులో దాదాపు 50 కిలోల పేలుడు పదార్థం. లారీ మీద పేర్చిన అరల నుంచి చిన్న రాకెట్ సాయంతో ఎగురుతుంది, ఆ రాకెట్ ఊడి పడిపోయాక ఇంజిన్ అందుకుంటుంది. రన్‌వే అక్కర్లేదు, పైలట్ అక్కర్లేదు. ఎక్కడ పడాలో ముందే అక్షాంశ రేఖాంశాలు ఎక్కించి వదిలేస్తారు.

గంటకి 180 కిలోమీటర్లే దాని వేగం. అంటే వెయ్యి కిలోమీటర్ల అవతలి ఊరికి చేరడానికి ఐదారు గంటలు పడుతుంది. ఈ నత్తనడకే దాని బలహీనత, వింతగా అదే దాని బలం కూడా. రాత్రి పూట అవి బయల్దేరాయని తెలిసినప్పటి నుంచి తెల్లారేదాకా సైరన్లు మోగుతూనే ఉంటాయి. ఉక్రెయిన్ జనం వాటికి పెట్టిన పేరు మోపెడ్. కిటికీ బయట చీకట్లో ఎవరో పాత మోపెడ్‌ని ఫుల్ రేజ్‌లో నడుపుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. ఆ శబ్దం దగ్గరవుతున్నంతసేపూ ఒక టెన్షన్. అది ఉన్నట్టుండి కిందికి దూకుతున్న మోతగా మారితే ఇంకో టెన్షన్. 2022 సెప్టెంబరులో మొదలైన ఈ మోత ఆ తర్వాత ఆగలేదు.

20 వేల డాలర్ల డ్రోన్‌ని 40 లక్షల డాలర్ల క్షిపణితో కూల్చడం శుద్ధ నష్టమే కదా?

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని అందరూ అనే మాటే. కానీ ఈ లెక్కలో మూడు చోట్ల తప్పటడుగు పడుతుంది.

మొదటిది, ఆ డ్రోన్ దేని మీద పడబోతోంది? వంద మంది నిద్రపోతున్న అపార్ట్‌మెంట్ మీదో, ఊరంతటికీ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీదో పడబోతుంటే పక్కన పెట్టి చూడాల్సింది డ్రోన్ ధరని కాదు, అక్కడ జరగబోయే నష్టాన్ని. 2019 సెప్టెంబరు 14న సౌదీ అరేబియాలోని అబ్‌ఖైఖ్ చమురు కేంద్రం మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు కలిసి పడ్డాయి. రోజుకి 57 లక్షల పీపాల ఉత్పత్తి, అంటే ఆ దేశ ఉత్పత్తిలో సగం, ఆగిపోయింది. ఆ రోజు ఖరీదైన క్షిపణులు పేల్చి వాటిని కూల్చి ఉంటే ఎవరూ దండగ అనేవారు కాదు.

రెండోది, చాలాసార్లు ఆ పోలికే జరగదు. ఉక్రెయిన్ తన పేట్రియాట్‌లని షాహెద్‌ల మీద వృథా చేయదు, ఆకాశంలోకి ఎగిసి మహావేగంతో కిందికి వచ్చే బాలిస్టిక్ క్షిపణుల కోసం దాచుకుంటుంది. షాహెద్‌లకి తుపాకులు, చవక రాకెట్లు, హెలికాప్టర్లు, ఈ మధ్య ఇంకో డ్రోన్.

మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. డబ్బు కన్నా ముందు అయిపోయేది సరుకు. పీఏసీ-3 ఎంఎస్‌ఈ క్షిపణులు 2024 మొత్తం మీద తయారైనవి దాదాపు 500. 2025 జులై ఒక్క నెలలో రష్యా తమ మీదికి వదిలిన దూరశ్రేణి డ్రోన్లు ఆరు వేలకి పైనేనని ఉక్రెయిన్ వాయుసేన లెక్క. అందులో ఉత్తుత్తివి కూడా ఉన్నాయనుకోండి. ధనిక దేశం కోట్లు ముద్రించుకోవచ్చు, అప్పు తెచ్చుకోవచ్చు. క్షిపణి ముక్కులో పెట్టే రాడార్‌ని, దాని రాకెట్ మోటార్‌ని అలా ముద్రించుకోలేదు. ఒక ఆర్డరు సరుకుగా మారి చేతికి అందడానికి రెండు మూడేళ్లు పట్టే చోట, వారానికి వెయ్యి చేసుకునేవాడు పైచేయిలో ఉంటాడు. ఎర్ర సముద్రంలో అమెరికా నౌకాదళానికి ఎదురైన తలనొప్పి కూడా ఇదే. 2023 అక్టోబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల డ్రోన్లని, క్షిపణులని కూల్చడానికి ఒక్కోటీ 20 లక్షల డాలర్లు చేసే ఎస్‌ఎం-2 క్షిపణులు పేల్చారు. ఖర్చు భరించగలిగారు. కానీ నౌకలో క్షిపణులుండే గొట్టాలు ఖాళీ అయితే సముద్రం మధ్యలో మళ్లీ నింపుకోవడం కుదరదు, రేవుకి వెళ్లాల్సిందే.

మరి చవగ్గా కూల్చే మార్గాలు లేవా?

ఉన్నాయి, రోజురోజుకీ పెరుగుతున్నాయి. సగానికి సగం పాత సామానుకి కొత్త ఉద్యోగం దొరకడమే. 1970లలో జర్మనీ చేసిన గెపార్డ్ అనే జంట 35 ఎంఎం తుపాకుల బండిని ఆ దేశం ఎప్పుడో అటకెక్కించింది. ఉక్రెయిన్‌లో షాహెద్‌ల వేటకి అదే బాగా పనికొచ్చింది. పికప్ ట్రక్కు వెనక మెషిన్ గన్, సెర్చ్‌లైటు బిగించుకుని తిరిగే దళాలు ఇంకా చవక.

కూల్చడం కన్నా ముందు కనిపెట్టాలి. తక్కువ ఎత్తులో నెమ్మదిగా వచ్చే చిన్న వస్తువుని రాడార్ తేలిగ్గా పట్టలేదు. ఇక్కడ ఉక్రెయిన్ వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. స్తంభాల మీద మైకులు కట్టారు, వేల సంఖ్యలో. ఒక్కో సెన్సర్ ఖర్చు 400–500 డాలర్లు. మోపెడ్ శబ్దం ఏ స్తంభం దగ్గర వినపడి ఏ స్తంభం వైపు జరుగుతోందో కంప్యూటర్ లెక్కేస్తుంది, దారిలో ఉన్న తుపాకీ దళానికి ట్యాబ్లెట్ మీద కబురు వెళ్తుంది. దేశమంతా పరుచుకున్న ఆ వలకి రెండు మూడు పేట్రియాట్ క్షిపణుల ఖర్చు కూడా కాలేదు.

2025 నుంచి జోరందుకున్నది ఇంటర్‌సెప్టర్ డ్రోన్. బుల్లెట్ ఆకారంలో, గంటకి 300 కిలోమీటర్ల వేగంతో పైకి లేచి షాహెద్‌ని వెనక నుంచి గుద్దేస్తుంది. ధర రెండు మూడు వేల డాలర్లు. ఇలాంటివి వచ్చాక లెక్క తలకిందులైంది, ఇప్పుడు దాడి చేసేవాడే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. అమెరికా తన యుద్ధ విమానాలకి పాత 70 ఎంఎం రాకెట్లనే లేజర్ గైడెన్స్ తగిలించి ఇస్తోంది. దాన్ని ఏపీకేడబ్ల్యూఎస్ అంటారు, ఒక్కోటీ పాతిక ముప్పై వేల డాలర్లు.

ఈ పొరలన్నీ ముందే పేర్చుకోని వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో 2025 సెప్టెంబరులో కనపడింది. ఇరవై దాకా రష్యా డ్రోన్లు పోలండ్‌లోకి వచ్చేశాయి. వాటిలో చాలావరకు థర్మకోల్‌లాంటి ఫోమ్‌తో చేసిన గెర్బెరా అనే ఉత్తుత్తి డ్రోన్లు. వాటి మీదికి నాటో పంపింది ఖరీదైన ఎఫ్-35 యుద్ధ విమానాల్ని.

లేజర్లు వస్తే సమస్య తీరినట్టేనా?

కొంత. ఒక్కో షాట్‌కి పది పౌండ్లే అవుతుందని బ్రిటన్ తన డ్రాగన్‌ఫైర్ లేజర్ గురించి చెప్పింది. నిజమే, కరెంటు ఖర్చే. కానీ పొగమంచు, వాన, దుమ్ము ఉంటే కిరణం బలం తగ్గుతుంది, ఒక్కో డ్రోన్ మీద కొన్ని సెకన్లు నిలపాలి, దూరం కొద్ది కిలోమీటర్లే. ఒక విమానాశ్రయాన్నో, నౌకనో కాపాడుకోవడానికి బాగుంటుంది. దేశం మొత్తానికి గొడుగు పట్టలేదు.

ఎఫ్‌పీవీ అంటే ఏమిటి? ఎలా నడుపుతారు?

ఫస్ట్ పర్సన్ వ్యూ. నడిపేవాడు కళ్లకి గాగుల్స్ పెట్టుకుంటాడు, డ్రోన్ ముక్కు మీది కెమెరా చూసేదే అతనికీ కనిపిస్తుంది. అసలు ఇది రేసింగ్ ఆట. ఏడంగుళాలు, పదంగుళాల ప్రొపెల్లర్ల ఫ్రేము, నాలుగు మోటార్లు, కింద ఒక ఆర్‌పీజీ (భుజం మీద నుంచి పేల్చే రాకెట్) తల కడితే ఆయుధమైపోయింది.

దాడి ఆఖరి క్షణాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. పైలట్ పది పన్నెండు కిలోమీటర్ల వెనక నేలమాళిగలో కూర్చుని ఉంటాడు. పక్కన ఇంకొకడు పెద్ద డ్రోన్ పంపే దృశ్యం చూస్తూ "ఎడమకి, ఆ విరిగిన చెట్టు దాటాక" అని దారి చెబుతుంటాడు. బండి కనపడుతుంది. దాని వెనక భాగంలో ఇంజిన్ పైన పలచటి చోటు ఉంటుంది, గురి దానికే. డ్రోన్ కిందికి దిగుతున్న కొద్దీ భూమి గుండ్రం, చెట్లు రేడియో సిగ్నల్‌కి అడ్డొస్తాయి, బొమ్మ మీద చుక్కలు, గీతలు పడతాయి. తగిలిందో లేదో ఆఖరి ఫ్రేములో తెలియదు. తెర బూడిద రంగులోకి వెళ్లిపోతుంది. పై నుంచి చూస్తున్న రెండో డ్రోన్ చెప్పాలి.

పంపినవన్నీ తగులుతాయనుకోకండి. చాలావరకు దారిలోనే రేడియో సిగ్నల్‌ని చెడగొట్టే జామింగ్‌కి పడిపోతాయి, బ్యాటరీ అయిపోతుంది, కొమ్మకి తగులుతాయి, పేలకుండా మిగిలిపోతాయి. ఒక బండిని ఆపడానికి నాలుగైదు, ఒక్కోసారి పది కూడా వాడతారు. సోషల్ మీడియాలో మనం చూసేది తగిలిన వీడియోలే. 500 డాలర్ల ధర పక్కన ఈ సంగతి కూడా రాసుకుంటేనే లెక్క సరిపోతుంది. అయినా పది డ్రోన్లు కలిపి ఐదు వేల డాలర్లే. లక్షల డాలర్ల బండి ముందు అది ఇప్పటికీ చవకే.

జామర్ పెడితే అవన్నీ పడిపోతాయి కదా?

2023లో అలాగే అనుకున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడు వచ్చాడు. ఫ్రీక్వెన్సీలు మార్చారు, జామర్లూ ఆ ఫ్రీక్వెన్సీలకి మారాయి, మళ్లీ ఇంకోటి. 2024లో రష్యా వాళ్లు ఫైబర్ ఆప్టిక్ డ్రోన్లని యుద్ధరంగంలోకి పెద్దఎత్తున దించారు. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగ లాంటిదే, వెంట్రుకంత సన్నం. డ్రోన్ కింద డబ్బాలో పది, ఇరవై కిలోమీటర్ల తీగ చుట్ట ఉంటుంది, గాలిపటం దారంలా వెనక వదులుకుంటూ పోతుంది. రేడియోనే లేదు కాబట్టి జామ్ చేయడానికి ఏమీ లేదు. నేల మీదికి దిగి రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని బండి కోసం గంటసేపు కాపు కాయగలదు కూడా. రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి వెళ్లిన ఉక్రెయిన్ సేనల సరఫరా దారిని 2025 మొదట్లో ఇలాగే పిండేశారు.

యుద్ధం జరిగే పొలాల మీద ఇప్పుడు ఆ తీగలు సాలెగూళ్లలా పరుచుకుని ఉన్నాయి. పొద్దున్న ఎండ పడితే చేను మొత్తం మెరుస్తుంది. వాటిని ఎప్పటికి ఏరతారో, ఎవరు ఏరతారో.

ట్యాంకుల పని అయిపోయినట్టేనా?

అయిపోలేదు, ట్యాంకు వాడే తీరు మాత్రం మారిపోయింది. అమెరికా ఇచ్చిన 31 అబ్రామ్స్ ట్యాంకుల్ని 2024 ఏప్రిల్ నాటికి ఉక్రెయిన్ ముందు వరుస నుంచి వెనక్కి తీసింది, పైన ఎప్పుడూ డ్రోన్ కన్ను ఉండటమే కారణం. రష్యా ట్యాంకులు తమ చుట్టూ ఇనప రేకుల షెడ్లు కట్టుకున్నాయి, సైనికులు వాటిని తాబేళ్లు అన్నారు. ముందు వరుసకి రెండు వైపులా పది పదిహేను కిలోమీటర్ల దాకా పగటిపూట ఏ బండి కదిలినా ప్రమాదమే. అందుకే సైనికులు చిన్న చిన్న గుంపులుగా నడిచి వెళ్తున్నారు, మోటార్‌సైకిళ్లు ఎక్కుతున్నారు, గాయపడినవాళ్లని తేవడానికి చక్రాల రోబోలని పంపుతున్నారు. రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ చేపల వలలు పందిరి వేశారు. అన్ని వందల కోట్ల రక్షణ పరిశోధన చేసి చివరికి చేపల వల దగ్గరికి వచ్చాం.

డ్రోన్ల సంగతి సరే, చవక క్షిపణులున్నాయా?

రెండు రకాలు. గాజా నుంచి 2001 తర్వాత వచ్చిన కస్సాం రాకెట్లు కొన్ని వందల డాలర్ల వస్తువులు, గురి అంటూ పెద్దగా ఉండదు. వాటికి విరుగుడుగా ఇజ్రాయెల్ 2011లో ఐరన్ డోమ్ దించింది. దాని తమిర్ క్షిపణి ఒక్కోటీ 40–50 వేల డాలర్లు. ఆ తేడాని తట్టుకోవడానికి అది ఒక తెలివైన పని చేస్తుంది. రాకెట్ ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసి, ఖాళీ నేల మీద పడేదాన్ని వదిలేస్తుంది.

రెండోది కొత్త పోకడ. గురి తప్పని క్రూయిజ్ క్షిపణినే వీలైనంత చవగ్గా చేయడం. ఉక్రెయిన్‌కి ఈఆర్‌ఏఎం అనే విమాన క్షిపణులు 3,350 అమ్మడానికి 2025 ఆగస్టులో అమెరికా ఒప్పుకుంది. మొత్తం ప్యాకేజీ 82.5 కోట్ల డాలర్లు. భాగించి చూస్తే సరంజామాతో కలిపి ఒక్కోటీ రెండున్నర లక్షలు, టోమహాక్ ధరలో ఎనిమిదో వంతు. ఉక్రెయిన్ అదే నెలలో చూపించిన ఫ్లమింగోకి మూడు వేల కిలోమీటర్ల దూరం, టన్నుకి పైగా వార్‌హెడ్ అని చెప్పారు. చూడటానికి మొరటుగా, పైన ఇంజిన్ బిగించిన గొట్టంలా ఉంటుంది. సరిగ్గా ఆ మొరటుతనంలోనే డబ్బు మిగులుతుంది. రాడార్‌కి దొరకకుండా చేసే నునుపు, ఖరీదైన పూతలు, పదేళ్లు గోదాములో నిలవుండే హామీ, ఇవేవీ వద్దనుకుంటే సగం ఖర్చు పోతుంది. వచ్చే నెల పేలిపోయేదానికి పదేళ్ల గ్యారంటీ దేనికి?

దాదాపు అన్నీ కూల్చేశారంటే దాడి విఫలమైనట్టే కదా?

2024 ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ 170 దాకా డ్రోన్లు, 30 క్రూయిజ్ క్షిపణులు, 120 దాకా బాలిస్టిక్ క్షిపణులు ఇజ్రాయెల్ మీదికి పంపింది. డ్రోన్లలో ఒక్కటీ ఇజ్రాయెల్ చేరలేదు. వాటికి గంటల ప్రయాణం, ఈలోగా ఇజ్రాయెల్‌తో పాటు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జోర్డాన్ కూడా సిద్ధంగా ఉన్నాయి. ఆ రాత్రి మటుకు డ్రోన్లు విఫలమైనట్టే. అదే ఏడాది అక్టోబరు 1న ఇరాన్ డ్రోన్లని పక్కన పెట్టి దాదాపు 180 బాలిస్టిక్ క్షిపణులే వదిలింది. పన్నెండు నిమిషాల్లో వచ్చేశాయి, నెవాటిం వైమానిక స్థావరంలో డజన్ల కొద్దీ పడ్డాయి. చవక, నెమ్మది వస్తువులు బలమైన రక్షణ ముందు ఒంటరిగా నిలవలేవని దీన్నిబట్టి తెలుస్తుంది.

రష్యా పద్ధతి వేరు. ముందు ఫోమ్ డమ్మీలు, వాటితో కలిపి షాహెద్‌లు, తుపాకీ దళాలు అలసిపోయాక తెల్లవారుజామున అసలు క్షిపణులు. 2025 సెప్టెంబరు 7న ఒకే రాత్రి 810 డ్రోన్లు వచ్చాయని ఉక్రెయిన్ వాయుసేన చెప్పింది. అందులో 90 శాతం ఆగినా మిగిలినవి 80. పడిన శకలాలకీ మంటలు లేస్తాయి. రక్షణ సరుకు ఎంత తరిగిందన్నది శాతాల్లో కనపడదు.

బైరక్తార్ లాంటి డ్రోన్ల హవా ఏమైంది?

2020లో నగోర్నో-కరబఖ్ కోసం జరిగిన 44 రోజుల యుద్ధంలో అజర్‌బైజాన్‌కి టర్కీ బైరక్తార్ టీబీ2, ఇజ్రాయెల్ ఆత్మాహుతి డ్రోన్ హారోప్ బాగా కలిసొచ్చాయి. పాత ఏఎన్-2 విమానాలని పైలట్ లేకుండా ఎగరేసి, వాటి మీద కాల్పులు జరిపిన ఆర్మేనియా గగనతల రక్షణ స్థావరాలని పట్టుకుని కొట్టారు. ఉక్రెయిన్‌లో కూడా మొదటి వారాల్లో టీబీ2 మెరిసింది, రష్యా గగనతల రక్షణ సర్దుకున్నాక ముందు వరుసలో దాని పని తగ్గిపోయింది. రీపర్‌లదీ ఇంచుమించు అదే కథ. యెమెన్ మీద హూతీలు వాటిని వరసగా కూల్చారు. పోగొట్టుకోవడానికి మనసొప్పనంత ఖరీదు, తప్పించుకోలేనంత నెమ్మది, ఈ రెండూ కలిసిన వస్తువుకి ఇప్పుడు గడ్డుకాలం.

సముద్రం మీద?

యుద్ధనౌకలు పెద్దగా మిగలని ఉక్రెయిన్, రష్యా నల్లసముద్ర దళాన్ని క్రిమియా నుంచి చాలావరకు వెనక్కి నెట్టింది. మాగురా వీ5 అనే పడవ డ్రోన్ రెండు మూడు లక్షల డాలర్ల సరుకు. 2024 ఫిబ్రవరిలో ఇవానొవెట్స్, సీజర్ కునికొవ్, మార్చిలో సెర్గీ కొతొవ్, మూడు నౌకలని ఇవే ముంచాయి. అలల మట్టానికి అర మీటరు పైన రాత్రిపూట గుంపుగా వస్తే నౌక మీది తుపాకులకి గురి చిక్కదు.

వేల కిలోమీటర్ల లోపలి స్థావరాలకి చిన్న డ్రోన్లు ఎలా చేరాయి?

లారీల్లో. 2025 జూన్ 1న ఉక్రెయిన్ నిఘా సంస్థ చేసిన స్పైడర్‌వెబ్ ఆపరేషన్ ఇది. చెక్క క్యాబిన్ల పైకప్పుల్లో 117 డ్రోన్లు దాచి, మామూలు లారీల మీద రష్యా రోడ్ల వెంట తీసుకెళ్లారు. స్థావరాల దగ్గర్లో కప్పులు తెరుచుకున్నాయి. సైబీరియాలోని బెలాయా స్థావరం ఉక్రెయిన్ సరిహద్దుకి నాలుగు వేల కిలోమీటర్లకి పైగా దూరం. ఆరుబయట నిలబెట్టిన టీయూ-95 బాంబర్లు తగలబడుతున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. 41 విమానాలు దెబ్బతిన్నాయని ఉక్రెయిన్ అంది, ఉపగ్రహ చిత్రాల్లో అంతకన్నా తక్కువే తేలాయి. టీయూ-95 తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఆ తక్కువ కూడా తక్కువేం కాదు.

భారత్, పాకిస్తాన్ మధ్య ఏం జరిగింది?

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక, 8–9 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల 300–400 డ్రోన్లు వచ్చాయని భారత ప్రభుత్వం చెప్పింది. శకలాల తొలి పరీక్షలో టర్కీ సోంగర్ డ్రోన్లుగా తేలాయంది. ఇవి ఎక్కడ ఏ రాడార్ ఆన్ అవుతుందో, ఏ తుపాకీ పేలుతుందో చూసుకోవడానికి పంపినవని అంచనా. వాటిని ఎదుర్కోవడంలో ఆకాశ్ లాంటి క్షిపణులతో పాటు ఎల్-70, జెడ్‌యూ-23, షిల్కా లాంటి దశాబ్దాల నాటి తుపాకులు ముందుకొచ్చాయి. మూలన పడేద్దామనుకున్న తుపాకులకి మళ్లీ గిరాకీ రావడం ఇక్కడా చూశాం. భారత్ వైపు నుంచి కూడా ఆత్మాహుతి డ్రోన్లు పాక్ రాడార్ల మీదికి వెళ్లాయి.

ఇదంతా కొత్త ఆలోచనేనా?

కాదు. 1944 జూన్ 13న లండన్ మీద మొదటి వీ-1 పడింది. రేకులతో చేసిన చవక రెక్కల బాంబు, ముక్కులో 850 కిలోల పేలుడు పదార్థం, దూరం నుంచే వినపడే బర్రుమనే మోత. మోత ఆగిందంటే పడబోతోందని లండన్ వాళ్లకి తెలుసు. విరుగుడు కూడా ఇప్పటిలాగే పొరలు పొరలుగా ఉండేది. తుపాకులు, బెలూన్లు, వేగమైన విమానాలు. కొందరు పైలట్లు తమ రెక్కని వీ-1 రెక్క కిందికి పోనిచ్చి దాన్ని ఒరిగించి పడేసేవారు. ఎనభై ఏళ్ల తర్వాత ఉక్రెయిన్‌లో డ్రోన్ని డ్రోన్‌తో గుద్దుతున్నారు.

విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మోటార్లు, బ్యాటరీలు, కెమెరాలు, ఫైబర్ చుట్టలు ఎక్కువగా చైనా నుంచే, రెండు వైపులకీ. చైనా డ్రోన్ కంపెనీ డీజేఐ 2022 ఏప్రిల్‌లో రష్యా, ఉక్రెయిన్‌లకి అమ్మకాలు ఆపేసింది. అయినా దాని మావిక్ డ్రోన్లు ముందు వరుసకి చేరడం ఆగలేదు. షాహెద్‌లు విప్పి చూస్తే అమెరికా, యూరప్ కంపెనీల చిప్‌లు బయటపడుతున్నాయి. అవి వాషింగ్ మెషిన్లోనూ వాడే రకాలు, కాబట్టి ఆంక్షలు పెట్టినా మూడో దేశం దారిలో వచ్చేస్తాయి. చవకగా దొరకడానికీ, ఆపలేకపోవడానికీ కారణం ఒకటే.

సాయుధ ముఠాల చేతికి వెళ్తే?

ఎప్పుడో వెళ్లాయి. ఇరాక్‌లోని మోసుల్‌లో 2016–17లోనే ఐసిస్ క్వాడ్‌కాప్టర్ల నుంచి గ్రెనేడ్లు జారవిడిచింది. 2018 జనవరిలో సిరియాలోని రష్యా స్థావరాల మీదికి 13 నాటు డ్రోన్లు ఒకేసారి వచ్చాయి. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద రెండు డ్రోన్లు పేలుడు పదార్థాలు పడేశాయి.

డ్రోన్లే మనుషుల్ని ఎంచుకుని చంపే రోజు వచ్చిందా?

ఇప్పటికి ఎక్కువగా వాడుతున్నది ఆఖరి కొన్ని వందల మీటర్ల పని. పైలట్ లక్ష్యాన్ని గుర్తు పెడతాడు, సిగ్నల్ పోయినా డ్రోన్ ఆ బొమ్మనే పట్టుకుని వెళ్తుంది. జామింగే ఈ అవసరాన్ని తెచ్చింది. అక్కడి నుంచి గుర్తు పెట్టే పని కూడా యంత్రానికే అప్పగించడానికి దూరం ఎక్కువ లేదు. మనిషి ప్రమేయం లేని ఆయుధాల మీద కట్టుబడాల్సిన ఒప్పందం 2026కల్లా కుదరాలని ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెర్రస్ 2023లో పిలుపునిచ్చారు. జెనీవాలో చర్చలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి.

గురి బాగుంటే పౌరుల ప్రాణాలు దక్కాలి కదా?

దక్కాలి. కానీ గురి ఎవరి మీద అన్నది పైలట్ ఇష్టం. 2025 జనవరిలో ఉక్రెయిన్‌లో పౌరుల మరణాలకి, గాయాలకి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ చిన్న డ్రోన్లేనని ఐరాస మానవ హక్కుల బృందం తేల్చింది. ఖెర్సన్ నగరంలో నది అవతలి నుంచి వచ్చే రష్యా డ్రోన్లు సైకిల్ మీద వెళ్లేవాళ్లని, బస్సుల్ని, అంబులెన్సుల్ని వెంటాడాయి. ఐరాస విచారణ సంఘం 2025 మేలో దీన్ని మానవాళిపై నేరంగా పేర్కొంది. దూరం నుంచి పడే ఫిరంగి గుండుకి కళ్లు లేవు, గుడ్డిగా పడిందని చెప్పుకోవచ్చు. సైకిల్ మీది మనిషి ఎవరో తెర మీద స్పష్టంగా చూస్తూ చేసినదానికి ఆ సాకు కూడా లేదు.

వానలో, చలిలో ఇవి ఎగురుతాయా?

పెద్దవి ఎగురుతాయి. చిన్నవాటికి కష్టం. పొగమంచులో కెమెరాకి ఏమీ కనపడదు, గాలికి బ్యాటరీ గబగబా ఖర్చవుతుంది, తేమగా, చల్లగా ఉన్న రోజు ప్రొపెల్లర్ల మీద మంచు పేరుకుంటుంది. నా దగ్గర సరదాకి ఎగరేసే చిన్న క్వాడ్ ఒకటుంది. ఎండలో ఏడు నిమిషాలు ఆడేది, చలి పొద్దున నాలుగో నిమిషానికే దిగిపొమ్మని బీప్ కొడుతుంది. ముందు వరుసలో పైలట్లు బ్యాటరీలని ఎగరేసేదాకా వెచ్చగా ఉంచుకుంటారు. పొగమంచు పట్టిన రోజు కోసం సైనికులు ఎదురు చూస్తారు, తిండి, నీళ్లు, మందుగుండు ముందుకు చేరేదీ, కందకంలో వారాలుగా ఇరుక్కున్నవాళ్లు వెనక్కి వచ్చేదీ ఆ రోజే.